బోస్టన్ పరుగు విజేతల నుండి మన యువకులకు ఆరోగ్య పాఠాలు

(పోలీసు, సైనిక ఉద్యోగాల ఎంపికలకు సాధన చేస్తున్న యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు వేసవి ఆరంభంలో మా ఆసుపత్రి ఆవరణలో చేసిన ప్రసంగం)



పరుగు గురించి మాట్లాడమని నన్ను మీ ముందు నిలబెట్టారు. నన్ను చూసి వెనుక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పు లేదు. వార్డులో ఈ చివరి మంచం నుండి ఆ చివరి మంచానికి తిరగడమే నా పరుగు. అయితే పరుగెత్తినవాళ్ళు పడిపోతే వాళ్ళను తీసుకువచ్చేది మా దగ్గరికే. అందుకని ఈ విషయంలో నాకు తెలిసిన నాలుగు మాటలు మీకు చెప్పాలి.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక సంవత్సరం మే నెలలో డ్యూటీకి వస్తూ ఆసుపత్రి గోడ పక్కన పరుగెత్తుతున్న కుర్రాళ్ళను చూశాను. అప్పటికే తొమ్మిది గంటలు దాటింది. ఎండ చురుక్కుమంటోంది. వాళ్ళలో ఒకడు బరువు తగ్గాలని మందపాటి జెర్కిన్ వేసుకుని పరుగెత్తుతున్నాడు. "ఇదేమిటి ఈ ఎండలో" అని మనసులో అనుకున్నాను. డ్యూటీకి ఆలస్యమవుతోందని ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాను. నాలుగు రోజుల తరువాత అదే అబ్బాయిని ఆటోలో తీసుకువచ్చారు. థర్మామీటరు పెడితే 107 డిగ్రీలు. మనుషులను గుర్తుపట్టడం లేదు. మరునాటికి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. విపరీతమైన వేడికి కండరాలు దెబ్బతిని, వాటినుండి వచ్చిన వ్యర్థం మూత్రపిండాలకు అడ్డం పడింది. డయాలిసిస్ చేయవలసి వచ్చింది. వాళ్ళమ్మ నా చేయి పట్టుకుని, "సిస్టరమ్మా, ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే మానేసేవాడు కదా" అంది. ఆమెకు సమాధానం చెప్పలేకపోయాను. ఆ ఒక్క మాట చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ఉత్తగా జాగ్రత్తలు చెబితే మీకు నిద్ర వస్తుంది. కాబట్టి గొప్పగా పరుగెత్తినవాళ్ళ కథలతో చెబుతాను.

బోస్టన్ మారథాన్

అమెరికాలోని బోస్టన్ నగరంలో ప్రతి ఏటా ఏప్రిల్ నెల మూడవ సోమవారం నాడు ఒక పరుగు పందెం జరుగుతుంది. 1897లో మొదలైన పందెం ఇది. మొదటిసారి బరిలో దిగినవారు 15 మంది. ఇప్పుడు ఏటా సుమారు 30 వేల మంది పరుగెత్తుతారు. హాప్‌కింటన్ అనే చిన్న ఊరిలో బయలుదేరి బోస్టన్ నగరం నడిబొడ్డుకు చేరాలి. దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మీ ఎంపికలో పరుగు 1600 మీటర్లు. అంటే మీ పరుగుకు ఇరవై ఆరు రెట్ల పైమాటే. మూడు వంతుల దూరం పరుగెత్తి కాళ్ళు చచ్చుబడే సమయానికి ఒక ఎత్తయిన రోడ్డు వస్తుంది. దానికి "గుండెలు పగిలే కొండ" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

1982 ఏప్రిల్ 19న జరిగిన పందెాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆల్బెర్టో సలజార్, డిక్ బియర్డ్స్‌లీ అనే ఇద్దరు కొండ దాటినప్పటినుండి ఒకరి నీడను ఒకరు తొక్కుతున్నట్టుగా పరుగెత్తారు. చివరికి సలజార్ 2 గంటల 8 నిమిషాల 52 సెకన్లలో గెలిచాడు. బియర్డ్స్‌లీ 2 గంటల 8 నిమిషాల 54 సెకన్లలో వచ్చాడు. అంత దూరం మీద తేడా రెండే సెకన్లు! పందెం అక్కడితో అయిపోయింది. కానీ మనం నేర్చుకోవలసింది ఆ గీత దాటిన తరువాతనే మొదలవుతుంది.

నీళ్ళు తాగకపోతే

గెలిచిన సలజార్ దారిలో చాలా కొద్ది నీళ్ళే తాగాడు. గీత దాటాక ఒళ్ళు నిలువలేదు. వైద్య శిబిరానికి తీసుకువెళ్ళి ఆరు లీటర్ల సెలైన్ ఎక్కించారు. మన వార్డులో పెట్టే అరలీటరు సీసాలు పన్నెండు! అప్పుడాయన వయసు 23 సంవత్సరాలు. ప్రపంచంలోని మేటి పరుగు వీరులలో ఒకడు. శరీరంలో నీరు తగ్గినప్పుడు మేటి వీరుడని శరీరం ఊరుకోదు.

మీలో కొందరికి సీనియర్లు ఒక మాట చెబుతున్నారని విన్నాను. "పరుగు ముందు నీళ్ళు తాగితే బరువెక్కుతావు, తాగకు" అని. దయచేసి ఆ మాట నమ్మవద్దు. నీరు తగ్గితే రక్తం పలచన తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు, ఉదయం లేవగానే దాహం తీరా తాగండి. మీ మూత్రం రంగు చూసుకోండి. లేత నిమ్మరసం రంగులో ఉంటే మంచిది. ముదురు పసుపుగా ఉంటే ఇంకా నీళ్ళు కావాలని అర్థం.

అతిగా తాగితే

అయితే సిస్టరమ్మ చెప్పిందని బిందెడు నీళ్ళు తాగి పరుగెత్తకండి. అదే బోస్టన్‌లో 2002లో 28 సంవత్సరాల ఒక యువతి పరుగు మధ్యలో పడిపోయి మరణించింది. కారణం నీరు తగ్గడం కాదు. చెమటలో పోయినదానికంటే ఎక్కువ ద్రవం లోపలికి వెళ్ళి, రక్తంలో ఉప్పు, అంటే సోడియం, పలచబడింది. అలా అయితే మెదడు వాస్తుంది. ఆ సంవత్సరం పరుగు ముగించినవారిలో 488 మంది రక్తాన్ని వైద్యులు పరీక్షించారు. 100కు 13 మందిలో సోడియం తగ్గి ఉంది. ఈ ఫలితాలు 2005లో వైద్య పత్రికలో వచ్చాయి. నెమ్మదిగా, నాలుగు గంటలకు పైగా పరుగెత్తుతూ ప్రతి మజిలీలో తాగుతూ పోయినవారిలో, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది.

మరి ఎంత తాగాలి? దాహం వేసినప్పుడు, దాహం తీరేంత. అంతే. 1600 మీటర్ల పరుగులో మధ్యలో తాగవలసిన పనే లేదు. ఎండలో గంటకు పైగా సాధన చేసిన రోజున ఓ.ఆర్.ఎస్. గానీ, ఉప్పు వేసిన పలచని మజ్జిగ గానీ తాగండి. చప్పటి నీళ్ళు లీటర్ల కొద్దీ ఒకేసారి తాగవద్దు.

ఎండకు విజేత కూడా తలవంచాలి

2011లో కెన్యా దేశస్థుడు జెఫ్రీ ముటాయి బోస్టన్‌లో 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో గెలిచాడు. మరుసటి ఏడు, 2012లో, పందెం రోజున ఎండ 30 డిగ్రీలు దాటింది. నిర్వాహకులు ముందుగానే హెచ్చరించారు. ఈ ఏడు మానుకుని వచ్చే ఏడు పరుగెత్తవచ్చని కూడా అవకాశం ఇచ్చారు. ఆ రోజు గెలిచిన వెస్లీ కోరిర్‌కు పట్టిన సమయం 2 గంటల 12 నిమిషాల 40 సెకన్లు. అంటే ముందటి ఏడు విజేత కంటే తొమ్మిదిన్నర నిమిషాలు ఎక్కువ. మొదట ముందుకు ఉరికినవాళ్ళ వెంట ఆయన పడలేదు. వెనుక తన పరుగు తాను పరుగెత్తి, వాళ్ళు అలసిపోయాక దాటాడు. ముందటి ఏడు గెలిచిన ముటాయి కడుపులో నొప్పి వచ్చి మధ్యలోనే ఆగిపోయాడు. ఆ ఒక్కరోజు రెండు వేలకు పైగా పరుగెత్తినవారికి వైద్య సహాయం అవసరమైంది.

గమనించండి. వాళ్ళకు 30 డిగ్రీలే పెద్ద ఎండ. మన దగ్గర మే నెలలో ఉదయం తొమ్మిదికే అంత వేడి దాటిపోతుంది. నిన్నటి విజేత ఆగిపోయినా ఎవరూ పిరికివాడనలేదు. మరి మీరు కళ్ళు తిరుగుతుంటే ఆగడానికి ఎందుకు సిగ్గుపడాలి?

ఎండాకాలంలో సాధన తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించండి. శరీరం వేడికి అలవాటు పడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి రోజునే పూర్తి పరుగు వద్దు. జెర్కిన్, ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని పరుగెత్తితే తగ్గేది కొవ్వు కాదు, నీరు. అది రెండు చెంబుల నీళ్ళతో తిరిగి వచ్చేస్తుంది. కానీ ఈలోపల ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున, ముందురాత్రి నిద్రలేని రోజున పరుగు మానండి.

ఎవరైనా పడిపోతే

ఇది అందరూ వినండి, ముఖ్యంగా తల్లిదండ్రులు. పరుగెత్తేవాడు తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, ఊరికే కోపపడుతున్నా, పడిపోయినా వడదెబ్బ అని అనుమానించండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని మోసపోకండి. పరుగు మీద వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు.

ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలినవారు ఆ వాహనం వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడవద్దు. నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి తీసేయండి. పక్కన నీళ్ళ తొట్టి ఉంటే మెడ వరకు అందులో కూర్చోబెట్టి, తల మునగకుండా ఒకరు పట్టుకోండి. తొట్టి లేకపోతే బోరు నీళ్ళు ఒంటినిండా పోస్తూనే ఉండండి, విసరండి. మంచు గడ్డలు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో గ్లూకోజు నీళ్ళు పోయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి అరగంటలో వేడి దిగితే బ్రతికే అవకాశం చాలా ఎక్కువ. మా దగ్గరికి వచ్చిన ఆ అబ్బాయిని దుప్పటి చుట్టి ఆటోలో తెచ్చారు. ప్రేమతోనే చుట్టారు. కానీ దారి పొడవునా వాడి ఒళ్ళు ఉడుకుతూనే ఉంది.

గుండె ఆగితే

మళ్ళీ సలజార్ దగ్గరికి వద్దాం. 2007లో, 48 సంవత్సరాల వయసులో, నడుస్తూ నడుస్తూ కుప్పకూలాడు. గుండెపోటు. గుండె సుమారు 14 నిమిషాలు ఆగిపోయింది. అయినా బ్రతికాడు. ఎలా? పక్కనున్నవాళ్ళు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. తరువాత వచ్చినవాళ్ళు విద్యుత్ షాక్ ఇచ్చి గుండెను మళ్ళీ కొట్టించారు. ఆయన్ను అన్నింటిలో ఆదర్శంగా తీసుకోమని నేను చెప్పడం లేదు. కోచ్‌గా ఉన్నప్పుడు ఉత్ప్రేరకాల నియమాలు మీరాడని 2019లో నాలుగేళ్ళ నిషేధం పడింది. నేను చెప్పేదల్లా, పరుగు వీరుడి గుండెకు కూడా జబ్బు రావచ్చని, దగ్గరున్నవారి చేతులు ప్రాణం నిలబెట్టగలవని.

మీ ఇంట్లో తండ్రికో, అన్నకో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, ఎవరైనా హఠాత్తుగా మరణించి ఉంటే, మీకు పరుగులో ఛాతీ నొప్పి, దడ, స్పృహ తప్పడం ఎప్పుడైనా వచ్చి ఉంటే, సాధనకు ముందే డాక్టరు గారికి చూపించుకోండి. ఉద్యోగం పోతుందని దాచిపెట్టకండి.

ఎవరైనా పడిపోయి, పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే, 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో అరచేయి మడమ ఆనించి, దానిపై రెండో చేయి వేసి, రెండు అంగుళాల లోతుకు గట్టిగా నొక్కండి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఈ సభ ముగిశాక బొమ్మ మీద అందరిచేతా చేయిస్తాను. చేయకుండా ఎవరూ టీ తాగవద్దు!

నొప్పి మాత్రలు

రెండు సెకన్ల తేడాతో ఓడిన బియర్డ్స్‌లీ సంగతి కూడా చెప్పాలి. ఆయన పాడి రైతు. 1989లో ట్రాక్టరుతో తిరిగే యంత్రంలో కాలు చిక్కుకుని తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత కూడా ప్రమాదాలు, ఆపరేషన్లు. నొప్పికి ఇచ్చిన మత్తు కలిగిన మందులకు క్రమంగా బానిస అయ్యాడు. చివరికి డాక్టరు చీటీలు తానే దొంగగా రాసుకుంటూ 1996లో పట్టుబడ్డాడు. చికిత్స తీసుకుని 1997 నుండి ఆ మందులకు దూరమయ్యాడు. తన పతనాన్ని దాచుకోకుండా జనం ముందు నిలబడి తానే చెప్పాడు. 42 కిలోమీటర్లు ప్రపంచ వీరుడితో సమానంగా పరుగెత్తినవాడు ఒక చిన్న మాత్ర ముందు ఓడిపోయాడు. ఒప్పుకుని సహాయం అడిగాడు కాబట్టి మళ్ళీ లేచాడు.

మన ఊళ్ళలో మోకాలు నొప్పి అనగానే మందుల షాపులో మాత్ర, చిన్న డాక్టరు దగ్గర సూది. మామూలు నొప్పి మాత్రలు మత్తు ఇవ్వకపోవచ్చు. కానీ నీరు తగ్గిన ఒంటితో, ఎండలో, అవి వేసుకుని పరుగెత్తితే మూత్రపిండాలకు పెద్ద దెబ్బ. ఎంపిక రోజున బలానికని ఎవరో ఇచ్చే సూదులు, పొడులు అసలే వద్దు. నొప్పి ఉంటే విశ్రాంతి ఇవ్వండి, చూపించుకోండి.

చెల్లెళ్ళకు ఒక మాట

బోస్టన్ పందెంలో ఆడవాళ్ళను 1972 వరకు అధికారికంగా పరుగెత్తనివ్వలేదు. అంత దూరం వాళ్ళ శరీరం తట్టుకోదని నమ్మేవారు. ఆ ఏడు నీనా కుస్‌సిక్ మొదటి అధికారిక మహిళా విజేత అయింది. 2018లో చలిగాలి, కుండపోత వానలో పందెం జరిగింది. డెస్ లిండెన్ అనే ఆమెకు మొదట్లో ఒంట్లో బాగా లేక మానేద్దామనుకుంది. ఎలాగూ మానేసేదాన్నే కదా అని, తోటి దేశస్థురాలు దారిలో మరుగుదొడ్డికి వెళ్ళి వస్తుంటే పరుగు తగ్గించి ఆమె కోసం ఆగింది. ఇద్దరూ కలిసి ముందువాళ్ళను అందుకున్నారు. చివరికి లిండెనే గెలిచింది! ఆమె వెనుక రెండవదిగా వచ్చిన శారా సెల్లర్స్ ఎవరో తెలుసా? ఆసుపత్రిలో మత్తుమందు విభాగంలో పనిచేసే ఒక నర్సు. డ్యూటీకి ముందో, డ్యూటీ తరువాతో సాధన చేసుకునేది. ఈ వార్త చదివిన రోజున మా నర్సుల గదిలో మేమందరం చప్పట్లు కొట్టాము.

చెల్లెళ్ళారా, పరుగెత్తితే గర్భసంచి జారుతుందని చెప్పేవారి మాట నమ్మవద్దు. నెలసరి రోజుల్లో ఓపిక ఉంటే పరుగెత్తవచ్చు. అయితే త్వరగా ఆయాసం వస్తుంటే, కనురెప్ప లోపల తెల్లగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తహీనతతో ఎంత సాధన చేసినా సమయం తగ్గదు.

ముగింపు

నేను చెప్పిన విజేతలలో ఎవరూ రక్తమాంసాలు లేనివారు కాదు. అందరికీ దాహం ఉంది, వేడి ఉంది, నొప్పి ఉంది. శరీరం చెప్పేది విన్నవాడు ఇంటికి నడిచి వచ్చాడు. విననివాడిని నలుగురు మోసుకురావలసి వచ్చింది. ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. మీ ఇళ్ళ పరిస్థితి నాకు తెలుసు. ఈసారి పోయిన ఎంపిక మళ్ళీ వస్తుంది. మీ అమ్మకు నువ్వు మళ్ళీ రావు.

దయచేసి ఇవి గుర్తుంచుకోండి:

1. ఒంటరిగా పరుగెత్తవద్దు. తోడుగా వచ్చినవాడు వెనుకబడితే ఆగి చూడండి.
2. ఎండ ఎక్కకముందే ముగించండి. జెర్కిన్ వద్దు.
3. దాహానికి తాగండి. తక్కువా వద్దు, అతిగా వద్దు.
4. పడిపోయినవారిని ముందు చల్లబరచండి, 108ని పిలవండి.
5. ఛాతీ నొక్కడం నేర్చుకోండి.
6. డాక్టరు చెప్పని మాత్ర, సూది వద్దు.

ఆ అబ్బాయి ఏమయ్యాడని అడుగుతారు. మూడు వారాల డయాలిసిస్ తరువాత మూత్రపిండాలు కోలుకున్నాయి. ఆ ఏడు ఎంపికకు వెళ్ళలేకపోయాడు. అతని అనుమతితోనే ఈ సంగతి చెప్పాను. ఈ మధ్య ఒక తెల్లవారుజామున నైట్ డ్యూటీ దిగి వెళుతుంటే, అదే గోడ పక్కన సైకిలుకు నీళ్ళ డబ్బా కట్టుకుని, చిన్నవాళ్ళ పరుగుకు టైము చూస్తూ కనిపించాడు. ఈసారి నేను ఆగాను. కాసేపు మాట్లాడి, వాళ్ళందరూ ఎండ రాకముందే ఇళ్ళకు బయలుదేరాక నేనూ ఇంటికి వెళ్ళాను.

సెలవు.